కావలి నుంచి వాటర్ పార్కు: పిల్లలు, పెద్దలు కలిపి 14 మంది. చెన్నైనా, హైదరాబాదా?

ముసునూరోడు అడిగినది:

మే నెలలో, బళ్లు తెరిచేలోగా, వాటర్ పార్కుకు పోదామనుకుంటున్నాం. మొత్తం 14 మంది. అందులో పిల్లలు ఐదుగురు: నాలుగేళ్ల పాప, ఆరేళ్లవాళ్లు ఇద్దరు, పదేళ్లోడు ఒకడు, పదమూడేళ్ల అమ్మాయి. మా నాయనకు బీపీ ఉంది, అమ్మకు మోకాళ్ల నొప్పులు. వాళ్లు నీళ్లలో దిగరు గానీ మాతో వస్తామంటున్నారు. ఒక్క రోజులో పోయి వచ్చేట్టయితే మంచిది, కాకుంటే ఒక రాత్రి ఉండొచ్చు.

ఏ పార్కుకు పోవాలి, ఏ దారిన పోవాలి అనేది మొదటి సంగతి. ఆడవాళ్లను చుడీదారుతో నీళ్లలోకి పంపరంటున్నారు, నిజమేనా? ఇంకోటి, నీళ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో మనం కనుక్కునేదెట్లా? వీడియోల్లో చూస్తే అన్ని పార్కులూ ఒకే మాదిరి ఉన్నాయి. తెలిసినోళ్లు చెప్పండన్నా.

ట్రంకురోడ్డు బాబాయ్:

పార్కు పేరు తర్వాత చూద్దాం. ముందు పిల్లల్ని చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టి టేపుతో ఎత్తు కొలవండి. టికెట్టయినా, ఏ రైడు ఎక్కనిస్తారనేదైనా వయసును బట్టి కాదు, ఎత్తును బట్టే. వండర్లా పార్కుల్లో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, 140 దాటితే పెద్దల టికెట్. మీ పదమూడేళ్ల అమ్మాయి 140 దాటే ఉంటుంది కాబట్టి ఫుల్ టికెట్ అనుకోండి. మిగిలిన నలుగురూ 140 లోపే ఉండొచ్చు. అంటే వీడియోల్లో కనిపించే నిలువు స్లైడ్లు, తలకిందులయ్యే రోలర్ కోస్టర్లు వాళ్లకు లేవు. వాళ్లకు దక్కేది పిల్లల కొలను, చిన్న స్లైడ్లు, లేజీ రివర్ (ట్యూబు మీద మెల్లగా తేలుతూ పోయే కాలువ), రెయిన్ డాన్సు. అవి బాగున్న పార్కును ఎంచుకుంటే పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుంది.

కావలి నుంచి ఒక్క రోజు పనంటే చెన్నై వైపే. పూందమల్లి దాటినాక బెంగళూరు హైవే మీద క్వీన్స్‌ల్యాండ్ ఉంది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఇంజంబాకంలో వీజీపీ, ముట్టుకాడులో ఎంజీఎం డిజ్జీ వరల్డ్. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) చివర తిరుప్పోరూరు దగ్గర ఇల్లలూరులో వండర్లా. ఈ నాలుగింటిలో మన వైపు నుంచి దారి సులువైనది క్వీన్స్‌ల్యాండే. రైడ్లు కొత్తగా, మెయింటెనెన్సు గట్టిగా ఉండాలంటే వండర్లా. అయితే అది చెన్నైకి అవతలి కొసన ఉంది, చిన్నపిల్లలతో ఒకే రోజులో పోయి రావడం కష్టం.

దారి చెబుతా. నెల్లూరు నుంచి చెన్నై సెంట్రల్ సుమారు 175 కిలోమీటర్లు, కావలి నుంచయితే ఇంకో 55 కలుపుకోండి. వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట టోళ్లు, తడ దాటినాక తమిళనాడు. అక్కడి నుంచి నేరుగా రెడ్‌హిల్స్, మాధవరం మీదుగా ఊళ్లోకి పోబాకండి. పొద్దున ఎనిమిది దాటితే ఆ దారిలో బండి కదలదు. రెడ్‌హిల్స్‌కు ముందే చెన్నై అవుటర్ రింగు రోడ్డు మన హైవేని దాటుతుంది. మీంజూరు నుంచి వండలూరు దాకా 62 కిలోమీటర్ల రోడ్డది. దాన్ని పట్టుకుని దక్షిణంగా పోతే నజరత్‌పేట దగ్గర బెంగళూరు హైవే తగులుతుంది, అక్కడ దిగితే క్వీన్స్‌ల్యాండ్ దగ్గరే. అదే రోడ్డు చివరి దాకా పోయి వండలూరులో దిగి, కేళంబాకం రోడ్డు పట్టుకుంటే ఓఎంఆర్ వస్తుంది. అక్కడి నుంచి కుడికి తిప్పితే తిరుప్పోరూరు. అట్లా తిప్పకుండా కోవళం వైపు నేరుగా పోతే ఈసీఆర్, ముట్టుకాడు.

తెల్లవారుజామున నాలుగుకు బయల్దేరితే, నాయుడుపేట దగ్గర టిఫినుకు ఆగినా, తొమ్మిదిన్నర లోపు క్వీన్స్‌ల్యాండ్ గేటు దగ్గరుంటారు. ఆరుకు బయల్దేరారా, లోపలికి పోయేసరికి పన్నెండవుతుంది. టికెట్లో సగం ఎండలో పోయినట్టే. వండర్లాకు, ఈసీఆర్ పార్కులకు ఇంకో గంటకు పైనే పడుతుంది. వాటికి పోవాలంటే ముందు రోజు సాయంత్రమే చేరి కేళంబాకం, కోవళం ప్రాంతంలో పడుకోండి.

రైలు గురించి అడగలేదు గానీ చెబుతున్నా. పినాకిని రెండు వైపులా పనికిరాదు: పోయేటప్పుడు మధ్యాహ్నానికి గానీ చెన్నై చేరదు, వచ్చేది కూడా అక్కడ మధ్యాహ్నమే బయల్దేరుతుంది.

ఒంగోలు_కర్నూలురోడ్డు:

బాబాయ్ చెన్నై అన్నారు గానీ, రాత్రి ఉండడానికి సిద్ధమైతే హైదరాబాదే నయమని నా లెక్క. మేలో చెన్నై ఉక్కకు నీళ్లలోంచి బయటికొచ్చిన ఐదు నిమిషాలకే చెమట పోస్తుంది, నీళ్లలో దిగని పెద్దోళ్లకు అది నరకం. హైదరాబాదు ఎండ కూడా తక్కువేం కాదు గానీ నీడలో కూర్చుంటే తట్టుకోవచ్చు.

హైదరాబాదు వండర్లా 2016లో రావిర్యాలలో పెట్టారు, అవుటర్ రింగు రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర. ఊళ్లోకి పోనక్కర్లేకపోవడమే దీనిలో సుఖం. ఒంగోలు నుంచి అద్దంకి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా నార్కట్‌పల్లి. అక్కడ విజయవాడ హైవే ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ మీదికి వస్తే, బొంగులూరు దాటగానే రావిర్యాల. ఒంగోలు నుంచి సుమారు 320 కిలోమీటర్లు. అద్దంకి రోడ్డు మీద రాత్రిపూట ధాన్యం, సిమెంటు లారీలు వరసగా ఉంటాయి. పగలు పోయి, అక్కడ పడుకుని, మర్నాడు పార్కుకు పోవడం మేలు.

రైలయితే సింహపురి. రాత్రి కావలిలో ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాదు. కానీ వేసవిలో 14 బెర్తులు ఒకేసారి దొరకాలంటే రిజర్వేషన్ తెరిచిన రోజే బుక్ చేయాలి. ఒక పీఎన్నార్ మీద ఆరుగురికి మించి ఎక్కించరు కాబట్టి మూడు టికెట్లు తీసుకోవాలి. స్టేషన్లో దిగినాక రెండు పెద్ద క్యాబులు మాట్లాడుకోండి.

ఊళ్లోనే నెక్లెస్ రోడ్డు పక్కన జలవిహార్ ఉంది, గండిపేట వైపు ఓషన్ పార్కు ఉంది. మీ లాగా ఆరేళ్ల లోపు పిల్లలు ఎక్కువుంటే జలవిహార్ చాలు: చిన్నది, పిల్లలు ఎక్కడున్నారో కంటికి ఆనుతూ ఉంటారు. రోలర్ కోస్టర్లు కావాలన్నవాళ్లకు మాత్రం నచ్చదు.

వండర్లాల్లో ఇంకో కిటుకు. నీళ్ల రైడ్లు పొద్దున గేటు తెరవగానే మొదలుపెట్టరు, మధ్యాహ్నం దగ్గరపడ్డాక వదులుతారు, సాయంత్రం ముందే ఆపేస్తారు. కాబట్టి పొద్దున పొడి బట్టల మీద డ్రై రైడ్లు (నీళ్లు లేనివి) ముగించుకుని, తిని, ఆ తర్వాత నీళ్లలోకి పోవాలి. ముందే తడిస్తే తడి బట్టలతో కోస్టర్ ఎక్కనివ్వరు.

నీటికొలత:

కొలనుల మెయింటెనెన్సు నా పని. శుభ్రం గురించి అడిగారు కాబట్టి ఆ ముక్క వివరంగా చెబుతా.

మొదట చేయాల్సింది ఒకటే: కొలనులో అన్నిటికంటే లోతైన చోట గట్టు మీద నిలబడి కిందికి చూడండి. అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ గళ్లు స్పష్టంగా కనిపించాలి. మసకగా ఉంటే పిల్లల్ని దించబాకండి. రోగాల మాట అటుంచండి, అడుగున పడిపోయిన పిల్లవాడు లైఫ్‌గార్డుకు కూడా కనిపించడు. తర్వాత నీటిమట్టం దగ్గర గోడ టైలు మీద వేలితో రాయండి. జారుడుగా, జిగటగా తగిలితే పాచి పడుతోంది, క్లోరిన్ చాలడం లేదు.

ముక్కు పగిలేలా క్లోరిన్ వాసన వస్తుంటే "ఆహా, మందు బాగా వేశారు" అనుకుంటారు జనం. అది తప్పు. సరైన మోతాదులో ఉన్న క్లోరిన్ పెద్దగా వాసన రాదు. చెమట, మూత్రం, ఒంటి మీది నూనె క్లోరిన్‌తో కలిసి క్లోరమిన్లు తయారవుతాయి, ఆ ఘాటు వాటిది. కళ్లు ఎర్రబడేదీ వాటివల్లే. అంటే జనం ఎక్కువై, క్లోరిన్ అయిపోయి, మిగిలింది మురికేనన్నమాట. ఫ్రీ క్లోరిన్ (మురికితో కలవకుండా మిగిలిన క్లోరిన్) 1 నుంచి 3 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 1 నుంచి 3 పాళ్లు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పీహెచ్ 8 దాటిందంటే ఎంత క్లోరిన్ పోసినా దాని బలం చాలావరకు పనిచేయదు. ఎండకు కూడా క్లోరిన్ విరిగిపోతుంది, అందుకే మేలో మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలప్పుడు నీళ్లు అన్నిటికంటే అధ్వానంగా ఉంటాయి. అనుమానముంటే టెస్ట్ స్ట్రిప్పులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నీళ్లలో ముంచి తీసి, డబ్బా మీద రాసినన్ని సెకన్లు ఆగి, రంగు పోల్చి చూసుకోవడమే.

మన జిల్లాల్లో ఊరి పక్కన రెండు స్లైడ్లు, ఒక రెయిన్ డాన్సు పెట్టి నడిపే చిన్నవాటికి పోతే ఇంకా జాగ్రత్త. మోటారు రూములో శాండ్ ఫిల్టర్ (నీళ్లను ఇసుకలోంచి వడకట్టేది) ఉందా, నడుస్తోందా అని అడగండి. ఫిల్టర్ లేకుండా ఏ ఆదివారానికో ఒకసారి నీళ్లు మార్చేవాళ్లుంటారు. ఒక్క మాట వాళ్ల తరఫున కూడా చెప్పాలి: బోరు నీళ్లలో ఇనుము ఉంటే క్లోరిన్ పడగానే టీ రంగుకు, పచ్చకు తిరుగుతాయి. అది చూడ్డానికి బాగుండదు గానీ మురికి కాదు. వేలికి జిగట తగిలిందా లేదా అన్నదే అసలు గుర్తు.

విరేచనాలైన పిల్లల్ని తగ్గాక కూడా రెండు వారాలు నీళ్లలోకి తేబాకండి. క్రిప్టో అనే పరాన్నజీవి క్లోరిన్‌లో కూడా రోజుల తరబడి బతికి ఉంటుంది. మీ పాప ఒక్క గుటక మింగితే చాలు. డైపర్ వేసే వయసు పిల్లలకు మామూలు డైపర్ వద్దు, నీళ్లు తాగి ఉబ్బి పగులుతుంది. ఈత డైపర్ వేరే అమ్ముతారు.

ఇక వేవ్ పూల్, అంటే అలలు పుట్టించే కొలను. ఏ పార్కుకు పోయినా ఎక్కువ భయపడాల్సింది నిలువు స్లైడ్లకు కాదు, దీనికి. లోతు వైపు గోడ వెనక గదులుంటాయి. పెద్ద ఫ్యాన్లు వాటిలోకి గాలి నెట్టి వదులుతుంటే నీళ్లు బయటికి ఉబికి అలగా వస్తాయి. సైరన్ మోగగానే జనమంతా లోతు వైపు పరిగెడతారు, అక్కడే చిక్కు. మెడ లోతులో నిలబడ్డ మనిషిని అల ఒక్కసారి లేపితే కాళ్లకు నేల అందదు. ఊపిరి తీసుకునేలోగా రెండో అల మీద పడుతుంది. ఈత వచ్చినవాడికీ అది కష్టమే. టైరు ట్యూబులు కిక్కిరిసి ఉంటే వాటి కిందికి పోయిన పిల్లవాడు పైకి రావడానికి సందు దొరకదు. మునిగేవాళ్లు అరవరు, చేతులూపరు. తల వెనక్కి వాల్చి, నోరు నీటిమట్టం దగ్గర పెట్టుకుని, నిలువుగా ఉండిపోతారు.

కాబట్టి పెద్దవాళ్లకు నడుము లోతు, పిల్లలకు మోకాలి లోతు, అంతకు మించి వద్దు. నాలుగేళ్ల పాపను అలలు వచ్చేటప్పుడు చంకనెత్తుకుని కూడా దించబాకండి, మీరు జారితే పాప చెయ్యి జారుతుంది. చేతులకు తొడిగే గాలి బెలూన్లు ఆటబొమ్మలు, ప్రాణం కాపాడేవి కావు. కౌంటర్లో లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి, పిల్లల సైజుది. కింద పట్టీ కాళ్ల మధ్య నుంచి తీసి బిగించకపోతే అది మెడ మీదికి జారి ముఖాన్ని నొక్కుతుంది. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్ద మనిషిని పేరు పెట్టి అప్పగించండి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడనట్టే.

ముసునూరోడు:

చాలా ఉపయోగంగా చెప్పారన్నా. బట్టల సంగతి ఎవరైనా చెప్పండి. మా అమ్మ, అత్తమ్మ చీరలే కడతారు. మా వదినకు మెడలో పుస్తెల గొలుసు తీయడం ఇష్టం లేదు. ఇంకోటి, లోపలికి అన్నం పట్టుకుపోవచ్చా?

మాగుంట_లేఅవుట్:

చుడీదారు, చీర, జీన్సు, కాటన్ టీషర్టు ఏదీ నీళ్ల రైడ్లకు ఒప్పుకోరు, నిజమే. కారణాలున్నాయి. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, స్లైడు మీద జారకుండా మధ్యలో ఆగిపోతే వెనక వచ్చేవాళ్లు గుద్దుకుంటారు. దాని పీచు ఊడి ఫిల్టర్లలో చేరుతుంది. చున్నీ, చీర కుచ్చిళ్లు కాళ్లకు, మెడకు చుట్టుకుంటాయి. జీన్సు బొత్తాలు, ఇత్తడి జిప్పులు స్లైడు ఫైబర్‌ను గీరేస్తాయి. ఆ గీత మీద తర్వాత జారేవాళ్ల చర్మం లేస్తుంది.

నైలాన్ లేదా పాలిస్టర్‌లో లైక్రా కలిసినవి కొనండి: పొడుగు చేతుల టీషర్టు, మోకాలి కింద దాకా వచ్చే టైట్స్. పైన మోకాళ్ల దాకా గౌను మాదిరి ఉండే స్విమ్ డ్రెస్సులు కూడా వస్తాయి, మన ఆడవాళ్లకు అవి మొహమాటం లేకుండా ఉంటాయి. లేత రంగులు తీసుకోబాకండి, తడిస్తే లోపలివి కనబడతాయి. పార్కు లోపల అద్దెకిచ్చేవి ఉంటాయి గానీ సైజులు అయిపోయుంటాయి, నడుము ఎలాస్టిక్ సాగిపోయుంటుంది. ముందే కొని ఇంట్లో ఒకసారి తడిపి, వేసుకుని, వంగి లేచి చూసుకోండి. నీళ్లలో దిగని అమ్మా, అత్తమ్మలు చీరతోనే ఉండొచ్చు. కొలను గట్టు మీద కాకుండా పైన నీడలో కూర్చోబెడితే ఎవరూ ఏమనరు.

పుస్తెల గొలుసుతో స్లైడు ఎక్కితే తెగుతుంది, లేదా మెడ కోస్తుంది. బంగారం ఇంట్లో పెట్టి, రెండు రోజులకు పసుపుతాడు కట్టుకుని రమ్మనండి. గాజు గాజులు తప్పకుండా తీయాలి. పట్టీలు, మెట్టెలు, హెయిర్ క్లిప్పులు కూడా. జడకు మెత్తటి రబ్బరు బ్యాండు చాలు. ఆ రోజు తలకు నూనె పెట్టబాకండి: నీళ్ల మీద తెట్టు కడుతుంది, స్లైడు మెట్ల మీద జారుతుంది. కళ్లద్దాలుంటే వెనక తాడు కట్టాలి.

మేలో సిమెంటు గచ్చు కాలుతుంది, పిల్లల పాదాలు బొబ్బలెక్కుతాయి. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేయండి. అన్నం లోపలికి రానివ్వరు, బ్యాగు గేటు దగ్గరే చూస్తారు. పసిపిల్లల ఆహారం, మందులు ఒప్పుకుంటారు. మీ నాయన బీపీ మాత్రలు, డాక్టరు చీటీ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు చిన్న సంచిలో విడిగా పెట్టుకోండి. పులిహోర, పెరుగన్నం బండిలో పెట్టుకుని పార్కింగులో తినొచ్చు. అయితే బయటికొస్తే మళ్లీ లోపలికి పంపుతారో లేదో టికెట్ కౌంటర్లో అడిగి బయటికి రండి.

బిట్రగుంట_లూప్‌లైన్:

ఈ ఏడు చెన్నైతో సరిపెట్టుకున్నా, తర్వాత ఎప్పుడైనా దూరం పోయేవాళ్లకు నాలుగు ముక్కలు.

కొచ్చి పార్కు వండర్లా వాళ్లకు మొట్టమొదటిది, 2000లో వీగాల్యాండ్ పేరుతో తెరిచారు. శబరి ఎక్స్‌ప్రెస్ ఒంగోలు, నెల్లూరు మీదుగానే ఎర్నాకుళం పోతుంది. అదే రైలుకు కోయంబత్తూరులో దిగితే మేట్టుపాళయం దగ్గర, నీలగిరి కొండల కింద బ్లాక్ థండర్. ఊటీ పోయేవాళ్లు ఒక పూట అక్కడ ఆగొచ్చు. అతిరప్పిళ్లి జలపాతం దారిలో సిల్వర్ స్టార్మ్ ఉంది. బెంగళూరు వండర్లా 2005 నుంచి మైసూరు రోడ్డులో బిడది దగ్గరుంది. డిసెంబరు, జనవరిల్లో బెంగళూరు చలికి పిల్లలు వణుకుతారు, మార్చి నుంచి మే దాకా మంచిది.

ముంబై వైపు రెండు. గొరాయిలో వాటర్ కింగ్‌డమ్, బోరివలి వైపు నుంచి పడవ దాటి పోవాలి. ఖోపోలీలో ఇమాజికా, ముంబై-పుణె ఎక్స్‌ప్రెస్‌వేకు దగ్గర. ఇమాజికాలో థీమ్ పార్కుకు, వాటర్ పార్కుకు టికెట్లు వేరువేరు. ఒకటి కొని రెండూ అనుకుంటే గేటు దగ్గర గొడవ. కోల్‌కతాలో రాజర్‌హాట్ అక్వాటికా, గుజరాతులో మెహసానా హైవే మీద శంకుస్, ఢిల్లీ వైపు నోయిడాలో వరల్డ్స్ ఆఫ్ వండర్. ఉత్తరాదిన చాలా వాటర్ పార్కులు చలికాలంలో మూసేస్తారు, సంక్రాంతి సెలవులకు ఢిల్లీ పోయి వాటర్ పార్కు అంటే కుదరదు.

స్లైడు మీద పడుకునే తీరు కూడా పిల్లలకు ఇంటి దగ్గరే నేర్పండి. వెల్లకిలా పడుకుని, చీలమండలు ఒకదాని మీద ఒకటి వేసి, చేతులు ఛాతీ మీద కట్టుకోవాలి. నిలువు స్లైడులో కాళ్లు విడిగా ఉంటే కింద నీళ్లు తగిలే వేగానికి లోపల గాయమవుతుంది. మధ్యలో లేచి కూర్చుంటే వేగం తగ్గి వెనకవాడు మీద పడతాడు. కింద పడ్డాక కళ్లు తుడుచుకుంటూ అక్కడే నిలబడకుండా వెంటనే పక్కకు రావాలి.

ముసునూరోడు:

సరే, ఒక్కరోజే, క్వీన్స్‌ల్యాండే అనుకుంటున్నాం. 17 సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుతున్నాం. అందులో ఏమైనా చూసుకోవాలా?

ట్రంకురోడ్డు బాబాయ్:

పసుపు బోర్డు బండికి ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉందా, లేకపోతే తమిళనాడు టాక్సు కట్టారా అని అడ్వాన్సు ఇచ్చేముందే అడిగి, కాగితం ఫొటో తీసుకోండి. ఎళావూరు చెక్‌పోస్టులో ఆపితే గంట పోతుంది, ఆ డబ్బు మీరే కట్టాలని డ్రైవరు కూర్చుంటాడు. టోళ్లు, పార్కింగు, డ్రైవరు బత్తా ఎవరివో వాట్సప్‌లో రాయించుకోండి. పోయేదీ వచ్చేదీ ఒకే రోజు కాబట్టి డ్రైవరు పగలు పార్కింగులో నిద్రపోవాలి, సాయంత్రం ఐదున్నరకు బయల్దేరి రాత్రి పదకొండు దాకా నడిపేది ఆయనే.

శని, ఆదివారాలు వద్దు, మంగళవారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి. సోమవారం సెలవుండే పార్కులున్నాయి కాబట్టి ఫోను చేసి తేదీ చెప్పి కనుక్కోండి. అదే ఫోనులో 14 మందికి గ్రూపు రేటు, నీళ్లలో దిగని పెద్దవాళ్లకు టికెట్ తగ్గింపు ఉన్నాయా అడగండి. కొన్నిచోట్ల 60 దాటినవాళ్లకు తక్కువ తీసుకుంటారు, ఆధార్ చూపించాలి. లాకరుకు డిపాజిట్ నోట్లలో అడుగుతారు, తడవని పౌచ్‌లో కొంచెం చిల్లర ఉంచుకోండి. తడి బట్టలకు పెద్ద ప్లాస్టిక్ కవర్లు నాలుగు పట్టుకుపోండి. లేకపోతే తిరుగుదారిలో సీట్లన్నీ తడిసి డ్రైవరుతో పేచీ.